తుఫాను రోజున ఎయిర్‌పోర్టుకి వెళ్లకపోతే తప్పా?

ప్రశ్న: అక్కా, నేను నార్త్ డకోటాలోని ఫార్గోలో ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబర్ మూడో వారంలో అమ్మానాన్న మొదటిసారి అమెరికా వస్తున్నారు. హైదరాబాద్‌లో ఎక్కి, దారిలో ఒకచోట మారి, ఆఖరున చికాగో నుంచి మినియాపొలిస్‌కి రాత్రి ఎనిమిదింటికి చేరతారు. నేను కారులో వెళ్లి తీసుకొస్తానని మాటిచ్చాను. ఇక్కడ ఎవరిని అడిగినా డిసెంబర్‌లో ఆ రోడ్డు మీద మంచు తుఫాను వస్తే మాటలు కాదంటున్నారు. నా రూమ్మేట్ మాత్రం "నీది ఆల్ వీల్ డ్రైవ్ కదా, మెల్లగా పోతే ఏమవుతుంది" అంటోంది. నాన్నకి షుగర్. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ రోజు తుఫాను హెచ్చరిక వస్తే వెళ్లాలా, మానాలా? నేను వెళ్లకపోతే వాళ్లిద్దరూ అక్కడ ఏమైపోతారు? కూతురు ఎయిర్‌పోర్టుకి కూడా రాలేదని చుట్టాలు అంటే అమ్మ ఎంత బాధపడుతుందో! ఇది కూడా నన్ను తినేస్తోంది.
(పేరు రాయవద్దన్నారు, ఫార్గో)

జవాబు: చెల్లీ, ముందు నీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ రోజు ఫార్గోకీ మినియాపొలిస్‌కీ మధ్య ఎక్కడ బ్లిజార్డ్ వార్నింగ్ (పెనుగాలితో కూడిన మంచు తుఫాను హెచ్చరిక) ఉన్నా వెళ్లకు. వింటర్ స్టార్మ్ వార్నింగ్ ఉన్నా వెళ్లకు. తుఫాను రాకముందే, రోడ్డు బాగున్నప్పుడే, ఒక రోజు ముందు వెళ్లి మినియాపొలిస్‌లో ఉండగలిగితే అంతకన్నా మంచిది లేదు. అది కుదరకపోతే ఆ రాత్రికి వాళ్లని ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో ఉంచి, రోడ్డు శుభ్రం చేశాక వెళ్లి తెచ్చుకో. ఈ నిర్ణయం ఇప్పుడే, ఇంట్లో కూర్చుని తీసుకో. విమానం దిగే రోజు పొద్దున ఆలోచిద్దామనుకుంటే నీ మనసు నిన్ను కారెక్కిస్తుంది. అమ్మని చూసి ఎన్నాళ్లయిందో నీకే తెలుసు.

నీకు వెళ్లే దారి గురించే బెంగ ఉన్నట్టుంది. నాకు తిరుగు దారి గురించి బెంగ. వెళ్లేటప్పుడు కారులో నువ్వొక్కదానివే. వచ్చేటప్పుడు ఒక రోజుకి పైగా ప్రయాణం చేసి, నిద్ర లేక, పల్చటి స్వెటర్లతో ఇద్దరు పెద్దవాళ్లు వెనక సీట్లో ఉంటారు. అందులో ఒకరికి షుగర్. రాత్రి ఎనిమిదింటికి దిగి, పెట్టెలు తీసుకుని బయటపడేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి ఐ-94 ఇంటర్‌స్టేట్ హైవే మీద దాదాపు 235 మైళ్లు, అంటే రోడ్డు బాగున్న రోజున మూడున్నర గంటలు. తుఫాను రోజున ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. అసలు తుఫాను లేకపోయినా ఆ రాత్రే బయల్దేరవద్దని నా సలహా. అక్కడే పడుకుని, మర్నాడు వెలుతురు ఉండగా రండి. ఫార్గోలో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగూ నలభైకల్లా పొద్దు కుంకుతుంది, గుర్తుంచుకో.

ఆ దారిలో ఏ ముక్క ప్రమాదమో తెలిస్తే నీకు నిర్ణయం తేలిక. నువ్వుంటున్న రెడ్ రివర్ లోయ ఒకప్పుడు సరస్సు అడుగు. హిమయుగం చివర్లో మంచు కరిగిన నీళ్లు నిలిచి ఏర్పడిన ఆ సరస్సుని అగాసీ అంటారు. అందుకే అక్కడ నేల అంత చదును. గుట్ట లేదు, అడవి లేదు, కెనడా వైపు నుంచి వచ్చే గాలికి అడ్డు లేదు. మినియాపొలిస్ నుంచి వస్తుంటే సెయింట్ క్లౌడ్, అలెగ్జాండ్రియా, ఫెర్గస్ ఫాల్స్ దాకా రోడ్డు పక్కన చెట్లూ కాస్త ఎత్తుపల్లాలూ కనిపిస్తాయి. ఫెర్గస్ ఫాల్స్ దాటి బార్న్స్‌విల్ వైపు దిగేసరికి మొత్తం బయలు. దారంతా బాగానే వచ్చామనుకున్న వాళ్లు ఆ చివరి యాభై అరవై మైళ్లలోనే ఇరుక్కుంటారు. అప్పటికి డ్రైవర్ అలసిపోయి ఉంటాడు, ఇల్లు దగ్గరపడిందన్న తొందర కూడా తోడవుతుంది.

ఇంకో సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. అక్కడ తుఫానుకి కొత్తగా మంచు పడక్కర్లేదు. నిన్నా మొన్నా పడి పొలాల్లో పొడిగా ఉన్న మంచునే గాలి లేపి రోడ్డు మీదికి తోలుతుంది. దాన్ని గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. తలెత్తి చూస్తే నీలం ఆకాశం ఉంటుంది, ముందు చూస్తే నీ కారు బానెట్ కనిపించదు. ఫోన్లో సూర్యుడి బొమ్మ చూసి బయల్దేరిన వాళ్లు ఇందుకే మోసపోతారు. ఆ బొమ్మ కింద గాలి వేగం ఎంత రాశారో చూడాలి. మంచు ఎన్ని అంగుళాలు పడుతుందన్నదాని కన్నా గాలి ఎంతన్నదే మీ ఊరికి ముఖ్యం.

ఇక హెచ్చరికల సంగతి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ మూడు మాటలు వాడుతుంది. వాచ్ అంటే ఒకటి రెండు రోజుల్లో తుఫాను వచ్చే అవకాశం గట్టిగా ఉంది, కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది ఇంకా తేలలేదు. అడ్వైజరీ అంటే ఇబ్బంది ఉంటుంది, జాగ్రత్తగా ఉంటే గడుస్తుంది. వార్నింగ్ అంటే తుఫాను ఖాయం లేదా దాదాపు ఖాయం, ప్రాణానికి ముప్పు. మనవాళ్లు చాలామంది వాచ్‌ని పట్టించుకోరు. నా దృష్టిలో నీకు అన్నిటికన్నా పనికొచ్చేది వాచే. అది వచ్చినప్పుడు రోడ్లింకా బాగుంటాయి, హోటళ్లలో గదులుంటాయి, ఆఫీసులో సెలవు అడగడానికి టైముంటుంది. వాచ్ పడగానే బయల్దేరి మినియాపొలిస్ చేరిపో. వార్నింగ్ పడేదాకా ఆగితే ఆ అవకాశం పోతుంది.

బ్లిజార్డ్ అన్న మాటని ఆ సంస్థ ఊరికే వాడదు. గంటకి 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు, లేదా అంతకు మించిన గాలి ఉండాలి. ఎగిరే మంచులో పావు మైలు అవతల ఏమీ కనిపించకూడదు. ఇదంతా కనీసం మూడు గంటలు సాగాలి. పావు మైలంటే 400 మీటర్లు. హైవే మీద 70 మైళ్ల వేగంతో పోయే కారు ఆ దూరాన్ని పదమూడు సెకన్లలో దాటేస్తుంది. అది కూడా పైహద్దు మాత్రమే, చాలాసార్లు పది అడుగులు కూడా కనిపించదు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, తామున్న ఊరి హెచ్చరిక ఒక్కటే చూస్తారు. నీ దారి రెండు ఆఫీసుల కిందికి వస్తుంది. ఫార్గో, ఫెర్గస్ ఫాల్స్ వైపు గ్రాండ్ ఫోర్క్స్ ఆఫీసు చూస్తుంది. అలెగ్జాండ్రియా నుంచి మినియాపొలిస్ దాకా చాన్‌హాసెన్ ఆఫీసు చూస్తుంది. రెండూ చదువు. ఇద్దరూ రోజూ తమ అంచనా వెనక ఉన్న ఆలోచనని మామూలు ఇంగ్లీషులో రాస్తారు, ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అంటారు దాన్ని. దేని మీద తమకి నమ్మకముందో, దేని మీద లేదో అందులో దాచకుండా చెప్తారు. టీవీ వార్తల కన్నా నాకు దాని మీదే గురి. ఆ ఆఫీసులు స్థానికంగా ఉండటం వెనక కూడా ఒక దుఃఖం ఉంది. 1940 నవంబర్ 11న పొద్దున ఎండగా, వెచ్చగా ఉందని మిన్నెసోటాలో ఎందరో బాతుల వేటకి పల్చటి బట్టలతో పోయారు. మధ్యాహ్నానికి తుఫాను కమ్మేసింది. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు. అప్పట్లో ఆ ప్రాంతానికి అంచనాలు చికాగో నుంచి వచ్చేవి, రాత్రిపూట అక్కడ మనుషులు ఉండేవారు కాదు. ఆ తర్వాతే ఆ బాధ్యత స్థానిక ఆఫీసుకి వచ్చింది.

ఆకాశం సంగతి అది, నేల సంగతికి 511 అనే రోడ్డు సమాచార సేవ చూడాలి. మిన్నెసోటాకి ఒకటి, నార్త్ డకోటాకి ఒకటి, రెండు రాష్ట్రాల రోడ్డు శాఖలూ మ్యాపులో రోడ్డు పరిస్థితి, కెమెరా బొమ్మలూ పెడతాయి. అందులో "నో ట్రావెల్ అడ్వైజ్డ్" అని ఉంటే అది మర్యాదగా చెప్పే సలహా అనుకోకు. ఆ సమయంలో నువ్వు ఇరుక్కుంటే సాయం వచ్చేదాకా గంటలు పట్టవచ్చని, మంచు తీసే బళ్లని కూడా వెనక్కి పిలిచే పరిస్థితి ఉండవచ్చని దానర్థం. పరిస్థితి ఇంకా ముదిరితే ఇంటర్‌స్టేట్ మీద గేట్లు దించి రోడ్డు మూసేస్తారు. మూసిన రోడ్డు మీదికి పోతే మిన్నెసోటాలో వెయ్యి డాలర్ల దాకా జరిమానా, 90 రోజుల దాకా జైలు. ఒక ముఖ్యమైన మాట: హైవే మూసినప్పుడు ఫోన్లో మ్యాప్ నిన్ను పక్కనున్న పల్లె రోడ్ల మీదికి మళ్లించవచ్చు. దాని మాట వినకు. హైవేనే నడపలేక మూశారంటే ఆ పల్లె రోడ్డు ఇంకా అధ్వాన్నం, పైగా అక్కడ నిన్ను చూసే మనిషి ఉండడు.

మీ రూమ్మేట్ మాటకొస్తాను. ఆల్ వీల్ డ్రైవ్ కారు కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకు వేసినప్పుడు ఏ కారుకైనా నాలుగు టైర్లే దిక్కు. అందుకే డబ్బు పెట్టదలిస్తే వింటర్ టైర్ల మీద పెట్టు. మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగువన గట్టిపడటం మొదలవుతుంది, మీకు డిసెంబర్ రాత్రుల్లో సున్నా ఫారెన్‌హీట్ దగ్గర నడుస్తుంది. రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కదా అంటావేమో. మామూలు ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కిందికి పోయాక పెద్దగా పనిచేయదు. ఆ చలిలో నల్లగా తడిగా మెరిసే రోడ్డు తడి కాదు, బ్లాక్ ఐస్. వంతెనల మీద అది ముందు పడుతుంది, ఎందుకంటే వాటికి పైనా కిందా రెండు వైపులా చల్లగాలే. అడ్వైజరీ మాత్రమే ఉన్న రోజున వెళ్లాల్సి వస్తే క్రూజ్ కంట్రోల్ వాడకు, మంచు తీసే బండి కనిపిస్తే పది కార్ల దూరం వెనకే ఉండు, దాన్ని దాటాలని చూడకు. దాని చుట్టూ లేచే మంచు పొగలో ఎదుటివాళ్లెవరూ కనిపించరు.

కారులో ఏం ఉండాలో కూడా చెప్పనివ్వు, ఇది వార్నింగ్ లేని రోజుకి కూడా వర్తిస్తుంది. ట్యాంకు సగానికి తగ్గకూడదు. డిక్కీలో చిన్న పార, ఇసుక లేదా పిల్లులకి వాడే లిట్టరు సంచి, జంపర్ కేబుళ్లు. ఇవి కాక మనిషికొకటి చొప్పున దుప్పటి, మేజోళ్లు, టోపీ, గ్లవ్స్ ఉండాలి. వీటిని డిక్కీలో కాదు, సీట్ల దగ్గర పెట్టు, ఎందుకంటే తుఫానులో డిక్కీ తలుపు తెరవలేకపోవచ్చు. మిన్నెసోటాలో పాతకాలం నుంచీ ఒక అలవాటుంది: ఖాళీ కాఫీ రేకు డబ్బాలో రెండు మూడు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, చాక్లెట్లు వేసి కారులో ఉంచుకుంటారు. ఆ డబ్బాలోనే కొవ్వొత్తి వెలిగిస్తే చేతులు వెచ్చబడతాయి, మంచు కరిగించి నీళ్లూ చేసుకోవచ్చు. మన ఇంటి చెగోడీలు, పల్లీ ఉండలు కూడా ఒక డబ్బా పెట్టు. గడ్డకట్టవు, బలమైనవి.

దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు గానీ, ఎప్పుడైనా ఇరుక్కుంటే ఒక్క నియమం ప్రాణం పోసినట్టు: కారు దిగి నడవకు. దూరంగా లైటు కనిపించినా సరే. ఎగిరే మంచులో పదడుగులు పోయాక నీ కారే నీకు కనిపించదు. 911కి ఫోన్ చేసి మైలు బోర్డు నంబరు చెప్పు. యాంటెనాకో తలుపుకో రంగు గుడ్డ కట్టు, పాత చున్నీ చాలు. ఇంజన్ గంటకి పది నిమిషాలు మాత్రమే నడుపు. ప్రతిసారీ ముందు దిగి వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్యి, గాలి తగలని వైపు అద్దం కొంచెం దించి ఉంచు. గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. 2022 డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో మీద విరుచుకుపడ్డ బ్లిజార్డ్ ఆ జిల్లాలోనే 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. మంచు అలవాటైన ఊరది. అక్కడ కార్లలో చిక్కుకుని, సాయం అందక పోయినవాళ్లున్నారు. అదే ఏడాది జనవరిలో వర్జీనియాలో ఐ-95 మీద వందల కార్లు రాత్రంతా నిలిచిపోయాయి. అందులో సెనేటర్ టిమ్ కెయిన్ ఉన్నాడు, రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కి రెండు గంటల దారి ఆయనకి 27 గంటలు పట్టింది. అంత హోదా ఉన్న మనిషికే రోడ్డు మీద చేసేదేం లేకపోయింది. ఆ వెనక సీట్లో మీ నాన్నగారు, షుగర్ మాత్రలేమో డిక్కీలోని పెట్టెలో, ఒక్కసారి ఊహించుకో.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, నువ్వు లేకపోతే వాళ్లేమైపోతారని. ఎయిర్‌పోర్టు వెచ్చగా ఉంటుంది, తిండి, మరుగుదొడ్డి, పోలీసు, వైద్య సాయం అన్నీ ఉంటాయి. ఆ రాత్రికి ఆ రాష్ట్రం మొత్తం మీద వాళ్లకి అంతకన్నా క్షేమమైన చోటు లేదు. మినియాపొలిస్‌లో ఒకటో టెర్మినల్‌కి ఆనుకునే ఒక హోటల్ ఉంది, బయట అడుగు పెట్టకుండా నడిచి వెళ్లవచ్చు. అది ఖరీదు. బ్లూమింగ్టన్ వైపు తక్కువ ధరకి, షటిల్ బస్సు పంపే హోటళ్లు చాలా ఉన్నాయి. ఇద్దరికీ టికెట్‌లో వీల్‌చెయిర్ అడుగు. నడవలేక కాదు, ఆ తోసే మనిషి వాళ్లని చెయ్యి పట్టుకుని గేటు నుంచి గేటుకి, అక్కడి నుంచి షటిల్ దాకా తీసుకెళ్తాడు. మన పెద్దవాళ్లు "మాకెందుకమ్మా, మేం బాగానే ఉన్నాం" అంటారు. ఒప్పించు.

నాకు మినియాపొలిస్ కన్నా చికాగో గురించే ఎక్కువ ఆలోచన. వాళ్ల ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది, పెట్టెలు తీసుకుని మళ్లీ అక్కడే ఇవ్వాలి. తుఫానుకి ఆ ఆఖరి విమానం రద్దయితే వాళ్లు చికాగోలో ఆగిపోతారు. వాతావరణం వల్ల రద్దయితే విమాన సంస్థ తర్వాతి విమానంలో చోటిస్తుంది, కానీ హోటల్ ఖర్చు భరించాల్సిన బాధ్యత దానికి లేదు. అందుకే చికాగోలో తెలిసిన ఒక కుటుంబం ఫోన్ నంబరు ఇప్పుడే సంపాదించు. స్నేహితురాలి అన్నయ్యో, కాలేజీ సీనియరో ఎవరో ఒకరుంటారు. మినియాపొలిస్‌లో కూడా అలాంటి ఇల్లు ఒకటి చూసుకో. అడగడానికి మొహమాటపడకు, పరదేశంలో మన పెద్దవాళ్లకి ఒక రాత్రి అన్నం పెట్టడానికి కాదనే తెలుగింటిని నేనింతవరకూ చూడలేదు. తుఫాను వచ్చేలా ఉంటే విమాన సంస్థలు తరచూ రుసుం లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి, వాళ్లు హైదరాబాద్‌లో బయల్దేరకముందే ఆ సంగతి కనుక్కో. మినియాపొలిస్ నుంచి ఫార్గోకి విమానాన్ని అదే టికెట్‌లో కలపడానికి ఎంతవుతుందో కూడా మీ ఏజెంటుని ఒకసారి అడుగు. గంట ప్రయాణం, ఆలస్యమైతే సర్దుబాటు వాళ్ల పని.

నాన్నగారి మందులు కనీసం వారానికి సరిపడా చేతి సంచిలోనే ఉండాలి, చీటీతో సహా. ఇన్సులిన్ వాడుతుంటే అది పెద్ద పెట్టెలో వెయ్యకూడదు, ఇక్కడికొచ్చాక కారులో వదలకూడదు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి చలి కొరికినా తెలియదు. సున్నా ఫారెన్‌హీట్ చలికి గంటకి 15 మైళ్ల గాలి తోడైతే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, బయటికి కనిపించే చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. నువ్వు వెళ్లేటప్పుడు ఇద్దరికీ కోట్లు, ఉన్ని మేజోళ్లు, మందపాటి బూట్లు పట్టుకెళ్లి ఎయిర్‌పోర్టు లోపలే తొడిగించు. కారు దాకానే కదా అనకు.

చుట్టాల మాట ఉంది చూశావూ, అది నాకూ తెలుసు. మన ఊళ్లలో ఎదురెళ్లడం అంటే ప్రేమకి గుర్తు. అందుకే అమ్మకి ముందే చెప్పాలి, దిగాక కాదు. అప్పటికప్పుడు చెప్తే నువ్వు రాలేకపోయావని మిగులుతుంది. ఇప్పుడే చెప్తే మీరంతా కలిసి వేసుకున్న ప్లాన్ అవుతుంది. వీడియో కాల్‌లో నాన్నగారు పక్కనుండగా చెప్పు, తర్వాత ఇదే వాయిస్ మెసేజ్ పెట్టు:

"అమ్మా, నాన్నా, మీరు దిగే రోజు ఇక్కడ మంచు తుఫాను ఉంటే గవర్నమెంటు వాళ్లే రోడ్లు మూసేస్తారు. అప్పుడు నేను ఆ రాత్రి రాను. మీరు వీల్‌చెయిర్ అబ్బాయికి ఈ కాగితం చూపిస్తే హోటల్ బస్సు ఎక్కిస్తాడు. గది మన పేరు మీద ఉంది, డబ్బు కట్టేశాను. వేడినీళ్లతో స్నానం చేసి పడుకోండి. రోడ్డు తెరిచాక పగలు వచ్చి తీసుకెళ్తాను. ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు, కంగారు పడొద్దు."

ఆ కాగితం నువ్వే ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పంపు, నాన్నగారి జేబులో ఒకటి, అమ్మ చేతి సంచిలో ఒకటి ఉండాలి. ఇద్దరి పేర్లు, నీ పేరు, ఫోన్ నంబరు, ఫార్గో చిరునామా, హోటల్ పేరు, చికాగోలోనూ మినియాపొలిస్‌లోనూ తెలిసినవాళ్ల నంబర్లు, నాన్నగారికి షుగర్ ఉందన్న మాట, అమ్మ తెలుగు మాత్రమే మాట్లాడుతుంది, ఇంటర్‌ప్రెటర్ కావాలన్న మాట రాయి. హోటల్ గది మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది చూసి ఈ వారంలోనే బుక్ చెయ్యి. వాళ్లు దిగే రాత్రికీ, ఆ మర్నాటికీ కలిపి చెయ్యి. క్రిస్మస్ రద్దీలో తుఫాను వార్త వచ్చాక గదులు దొరకవు.